వారధి మీదుగానే రావలెను

మా రేవులపాడు పురపాలక సంఘం కమిషనర్ అనంత పద్మనాభం గారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఎవరినీ కసురుకోరు, ఆఫీసు తెరిచే వేళకే కుర్చీలో ఉంటారు. ఆయన్ని ఒక వారం పాటు శిక్షణకు పంపకుండా ఉంటే మా ఊరికి ఏ ఇబ్బందీ వచ్చేది కాదు. పంపారు. ఆ శిక్షణ పేరు "జనసమాచార మూలసూత్రాలు, సమాజంలో మాధ్యమాల పాత్ర". నిజానికి వెళ్లాల్సింది పౌరసంబంధాల అధికారి. మా దగ్గర ఆ పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. పైనుంచి పిలుపు వచ్చాక ఎవరో ఒకరు వెళ్లకపోతే మర్యాదగా ఉండదని కమిషనర్ గారే బయల్దేరారు.

వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చంకలో చుట్ట చుట్టిన పటం ఒకటి ఉంది. దాన్ని తన కుర్చీ వెనక గోడకు తగిలించారు. అందులో వరసగా గుండ్రాలు, గుండ్రాల మధ్య బాణాలు. మొదటి గుండ్రంలో ప్రేషకుడు అంటే మాట పంపేవాడు, ఆ తర్వాత సందేశం, ఆ తర్వాత మాధ్యమం, చివర గ్రహీత. గ్రహీత దగ్గర్నుంచి మళ్లీ ప్రేషకుడి దాకా కిందుగా వంపు తిరిగిన బాణం, దాని మీద ప్రతిస్పందన అన్న మాట. కాలేజీల్లో పిల్లలు ఈ పటాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మరిచిపోతారు. అందువల్ల దానితో ఇన్నాళ్లూ ఎవరికీ ఏ హానీ జరగలేదు. దాన్ని మనసారా నమ్మిన మొదటి మనిషి మా కమిషనర్ గారే అయివుంటారు.

నేను "తొలికూత" దినపత్రికకు రేవులపాడు విలేకరిని. పేరు భాస్కరం. కమిషనర్ గారు కొత్తగా తీసిన ఉత్తర్వు మొదటి కాపీ నాకే అందింది. అది ఇలా ఉంది:

"ప్రజలకూ ప్రభుత్వానికీ నడుమ ప్రసార మాధ్యమములు వారధి వంటివని పెద్దలు సెలవిచ్చియున్నారు. వారధి ఉండగా నీటిలో దిగి ఈదుకుంటూ వచ్చుట సభ్యత కాదు. కావున ఇకమీదట పౌరులు తమ సమస్యలను నేరుగా కార్యాలయమునకు తీసుకొనిరారాదు. సదరు సమస్య ఏదేని దినపత్రికయందు ప్రచురితమైన పిదప, ఆ వార్తను కత్తిరించి జతపరచిన అర్జీలు మాత్రమే పరిశీలింపబడును. ప్రచురితము కాని సమస్యలు లేనట్లుగా భావింపబడును."

చదివి మురిసిపోయానని దాచకుండా చెబుతాను. మున్సిపాలిటీ వాళ్లు విలేకరికి కుర్చీ వేయడమే గొప్ప అనుకునే ఊళ్లో, విలేకరి లేకపోతే సమస్యే లేదని ఉత్తర్వు వచ్చింది. మా ఆవిడ కూడా ఆ రోజు నన్ను కాస్త మర్యాదగా చూసింది.

ఆ ఉత్తర్వు సంగతి తెలియక నేరుగా కమిషనర్ దగ్గరికి వెళ్లిన మొదటి మనిషి వరహాలమ్మ.

వరహాలమ్మది పాతగంజి వీధిలో టిఫిను కొట్టు. పొద్దున్నే పెసరట్లు, ఇడ్లీలు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ పెనమే ఆమెకు ఆధారం. కొట్టుకీ రోడ్డుకీ మధ్య మురుగు కాలవ, కాలవ మీద సిమెంటు శ్లాబు. ఊక లారీ ఒకటి వెనక్కి తిరగబోయి ఆ శ్లాబు మీదికి ఎక్కింది. శ్లాబు రెండు ముక్కలై కాలవలో పడింది. అక్కడ మనిషి లోతు గొయ్యి మిగిలింది. కుర్రాళ్లు దూకి వస్తున్నారు కానీ, పెసరట్టు కోసం గొయ్యి దూకే వయసు అందరికీ ఉండదు. పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు రావడం మానేశారు. సగం రుబ్బు పులిసిపోతోంది. ఇంకో నెల ఇలాగే సాగితే కొట్టు మూసేసి ఎవరింట్లోనో వంటపనికి కుదరాల్సిందే.

ఆమె కమిషనర్ గారి ముందు నిలబడి ఇదంతా చెప్పింది. పాత శ్లాబు తీయించి కొత్తది వేయించమని అడిగింది. ఉత్తర్వు గురించి ఏదైనా మాట దొరుకుతుందేమోనని నేనూ అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాను.

కమిషనర్ గారు ఓపిగ్గా విన్నారు. కుర్చీ తిప్పి పటం వైపు చెయ్యి చూపించారు.

"చూడండమ్మా. ఇక్కడ మీరు ప్రేషకులు. నేను గ్రహీతను. మనిద్దరి మధ్య మాధ్యమం ఏది?"

వరహాలమ్మ పటం వంక చూసి, ఆయన వంక చూసి అంది. "మధ్యలో మీ బల్ల ఉందండి."

"బల్ల మాధ్యమం కాదమ్మా. మీరిప్పుడు చేస్తున్నది ముఖాముఖి సంభాషణ. దీని పరిధి చాలా స్వల్పం. మీ మాట నా ఒక్కడికే చేరింది."

"శ్లాబు ఎయ్యాల్సింది తవరొక్కరే కదండి బాబు గోరూ. ఊరందరికీ చెప్పి నేనేం చేసుకుంటానండి?"

"అదే మూలసూత్రం. ముందు ఊరందరికీ తెలియాలి. ఆ తర్వాతే నాకు తెలియాలి. ఊరికంటే ముందు నాకు తెలిస్తే, బాణం తిరగబడుతుంది."

బాణం తిరగబడకూడదు కాబట్టి ఆమె తిన్నగా నా వెంట బయటికి వచ్చింది.

నేను ఆ సాయంత్రమే వార్త రాసి పంపాను. మా జిల్లా డెస్కులో కూర్చునే సబ్ ఎడిటర్ వెంకటరత్నం ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా భాస్కరం, కాలవ మీద శ్లాబు విరిగింది అంటావు. ఎవరన్నా పడ్డారా?"

"ఇంకా పడలేదు."

"పడనప్పుడు అది వార్త ఎలా అవుతుందయ్యా? పడ్డాక పంపు."

ఈ సంగతి వరహాలమ్మకు చెప్పాను. ఎవరైనా పడితే గానీ పేపర్లో రాదు, పేపర్లో వస్తే గానీ శ్లాబు పడదు. ఆమె పెసరట్టు తిరగేస్తూ వింది. రోజూ అక్కడ తినే వాళ్లలో సత్తిరాజు అని ఒక సైకిల్ రిపేరు మనిషి ఉన్నాడు. మొహం పుట్టుకతోనే దిగులుగా ఉంటుంది. నవ్వినా ఎవరో పోయినట్టే కనిపిస్తాడు. అతను చెయ్యి కడుక్కుని వచ్చి, "నేను పడతాన్లెండి అక్కా, మీకెందుకు," అని జాగ్రత్తగా గోతిలోకి దిగి, పడినట్టు కూర్చున్నాడు. నేను ఫొటో తీశాను. ఆ ఫొటోలో ఆ మొహం చూసి వెంకటరత్నం లాంటి వాడే జాలిపడి, వార్త పెద్దగా వేశాడు.

వరహాలమ్మ దాన్ని కత్తిరించి అర్జీకి అంటించి పట్టుకెళ్లింది. అర్జీ తిరిగొచ్చింది. ఈలోగా రెండో ఉత్తర్వు వచ్చిందట. జిల్లా పేజీల్లో వచ్చే ఫొటోలు మీరు చూసే ఉంటారు. సమస్య ఉన్న చోట నలుగురు వరసగా నిలబడి, వేలితో దాన్ని చూపిస్తూ ఫొటో దిగుతారు. కింద "గుంతను చూపిస్తున్న స్థానికులు" అని ఉంటుంది. గుంత ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది. అయినా చూపిస్తారు. కమిషనర్ గారు శిక్షణలో ఇలాంటి ఫొటోలు పరిశీలించి, దాన్నే ప్రమాణంగా నిర్ణయించారు. "ఛాయాచిత్రమునందు ముగ్గురికి తక్కువ కాకుండా స్థానికులు కుడిచేతి చూపుడువేలితో సమస్యను నిర్దేశించవలెను. ముఖమునందు ఆవేదన ప్రస్ఫుటముగా కనబడవలెను. ఎడమచేతి నిర్దేశము చెల్లదు. సమస్యలో కూర్చుని ఉన్నవారు సమస్యలో భాగముగా పరిగణింపబడుదురు."

సత్తిరాజు గోతిలో కూర్చున్నాడు గనక స్థానికుడు కాడు, సమస్యలో భాగం. మళ్లీ ఫొటో తీశాం. ఈసారి సత్తిరాజు, వరహాలమ్మ, పక్క వీధి మాస్టారు ముగ్గురూ గట్టున నిలబడి వేళ్లు చూపించారు. సత్తిరాజు వేలు చూపించిన తీరు చూసి నేను రెండు ఫొటోలు ఎక్కువ తీశాను. అంత ఆవేదన ఆ వేలి చివర ఉంది.

ఆ ఫొటో పేపర్లో వచ్చాక సత్తిరాజుకు సైకిళ్లు బాగుచేసే తీరిక లేకుండా పోయింది. నాలుగో వార్డులో పగిలిన పైపు దగ్గరికి అతన్ని తీసుకెళ్లారు. బోసు బొమ్మ దగ్గర వెలగని దీపం కింద నిలబెట్టారు. చేపల బజారులో చెత్తకుప్ప పక్కన, హైస్కూలు కూలిన గోడ ముందు, ఎక్కడ చూసినా సత్తిరాజే, అదే వేలు. కూలి కూడా అడిగేవాడు కాదు పాపం, టీ ఇస్తే చాలనేవాడు.

కమిషనర్ గారు కటింగులన్నీ ముందు పరుచుకుని లోతుగా అధ్యయనం చేసి ఒక నిర్ధారణకు వచ్చారు. నన్ను పిలిపించి చెప్పారు.

"భాస్కరం గారూ, గణాంకాలు చాలా ఆసక్తికరంగా ఉన్నాయి. ఈ పట్టణంలో పైపు పగిలినా, దీపం ఆరినా, గోడ కూలినా బాధపడుతున్నది ఒకే వ్యక్తి. అంటే ఇవి పట్టణ సమస్యలు కావు. సదరు సత్తిరాజు గారి వ్యక్తిగత సమస్యలు."

"మరి ఆయన వ్యక్తిగత సమస్యలైనా పరిష్కరించాలి కదండీ?"

"వ్యక్తిగత సమస్యల్లో జోక్యం చేసుకోవడం పౌరుల గోప్యతకు భంగం."

ఆ దెబ్బతో వార్డులన్నీ వేలు చూపించే మనుషుల్ని సొంతంగా తయారు చేసుకోవలసి వచ్చింది. సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని జనం సాధన చేసేవారు. పెద్దవాళ్లు పిల్లల్ని సరిదిద్దేవారు, వేలు మరీ నిటారుగా ఉంటే కోపంలా ఉంటుంది, కొంచెం వంచితే బాధ వస్తుంది అని. ఊళ్లో ఎవర్ని పలకరించినా వేలు లేపే మాట్లాడే అలవాటు అప్పుడే పడింది. ఇంకా పోలేదు.

వరహాలమ్మ అర్జీ కూడా ఆ వరసలోనే తిరిగొచ్చింది. మూడోసారి ఆమె సత్తిరాజు లేకుండా ఫొటో తీయించింది. వార్త మళ్లీ వచ్చింది, అర్జీ మళ్లీ వెళ్లింది. ఈసారి అర్జీలో ఏ లోపమూ దొరక్క స్వీకరించారు. ఆమె నాకు జీడిపప్పు వేసిన ఉప్మా పెట్టింది. అసిస్టెంట్ ఇంజనీరు సూర్యచంద్రాన్ని పిలిచి శ్లాబు సంగతి చూడమన్నారని ఆఫీసులో విన్నాం. ఇక రేపో మాపో సిమెంటు బస్తాలు దిగుతాయని వీధంతా ఎదురుచూసింది.

బస్తాలు దిగలేదు. మర్నాడు పొద్దున్న నేను ఎప్పట్లాగే గొయ్యి దూకి కొట్టులోకి వెళ్లేసరికి వరహాలమ్మ తొలికూత పేపరు నా ముందు పెట్టింది. మా పేపరే. "తొలికూత ఎఫెక్ట్" అని ఎర్రటి అక్షరాలు. "పాతగంజి వీధిలో కాలవపై కొత్త శ్లాబు. మా కథనానికి స్పందించిన అధికారులు." కింద ఫొటోలో సూర్యచంద్రం, ఇద్దరు మేస్త్రీలు వరసగా నిలబడి, తెల్లటి సిమెంటు శ్లాబును వేలితో చూపిస్తున్నారు. ముగ్గురి మొహాల్లోనూ సంతృప్తి.

నేను పంపని వార్త అది. ఫోన్ చేస్తే వెంకటరత్నం ఉత్సాహంగా ఉన్నాడు. "మీ ఏఈ గారే నేరుగా డెస్కుకి పంపాడయ్యా. ఎఫెక్ట్ వార్త అంటే మన పరువు కదా. ఎడిటర్ గారు కూడా మెచ్చుకున్నారు."

"శ్లాబు వెయ్యలేదండీ. నేను గొయ్యి పక్కనే ఉండి మాట్లాడుతున్నాను."

"మనమే వేశామని రాసి, మనమే వెయ్యలేదని రాస్తే పాఠకుడు ఎవర్ని నమ్ముతాడయ్యా?" అని ఫోన్ పెట్టేశాడు.

వరహాలమ్మ కొంగు బిగించింది. నన్ను కూడా రమ్మంది. కమిషనర్ గారు మమ్మల్ని చూసి లేచి నిలబడినంత పని చేశారు.

"రండమ్మా. సంతోషమేనా?"

"ఏసిందేదండీ బాబు గోరూ? గొయ్యి గొయ్యిలాగే ఉందండి."

ఆయన సొరుగు తెరిచి కటింగు తీసి బల్ల మీద పరిచారు. "ఇదిగో, వేశాం కదా."

"అది మా ఈధి కాదండి. అది సినిమా హాలు ఎనక కొత్తగా కట్టిన లేఅవుట్లో శ్లాబండి. ఆ ఎనకాల కనపడేది సినిమా హాలు గోడండి."

"అమ్మా, మీరు చెబుతున్నది మౌఖికం. ఇది ముద్రితం. మీ సమస్య మాధ్యమం ద్వారా నాకు చేరింది. నా ప్రతిస్పందన మాధ్యమం ద్వారా మీకు చేరింది. ఒక్కసారి పటం చూడండి, చక్రం పూర్తయింది. ఇంత పరిపూర్ణమైన సమాచార ప్రక్రియ ఈ జిల్లాలో ఇదే మొదటిది. మీరు గర్వపడాలి."

"గర్వపడతానండి. శ్లాబు ఎప్పుడేస్తారండి?"

"వేసిన శ్లాబు మళ్లీ వేస్తే ఆడిట్ వారు ఒప్పుకోరమ్మా," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ.

నాకు ఒళ్లు మండింది. ఆ పూట ఎఫెక్ట్ అన్న మాట వింటేనే అసహ్యం వేసింది. కానీ ఊళ్లో మిగతా వార్డుల వాళ్లకు అది చూసి భయం వేసింది, ఎందుకంటే వాళ్ల సమస్యలు కూడా అదే వరసలో పరిష్కారం కాసాగాయి. బోసు బొమ్మ దగ్గర దీపం పేపర్లో వెలిగింది. చేపల బజారులో చెత్త ఫొటోలోంచి మాయమైంది. దోమల మందు కొట్టినట్టు రంగుల్లో వచ్చింది. దోమలు పేపరు చదవవు కాబట్టి వాటికి ఆ సంగతి తెలియలేదు.

ఒకనాడు నీటిపన్ను వసూలు చేసే గుమస్తా పాతగంజి వీధికి వచ్చి, తల వంచుకుని రసీదు రాస్తూ నడిచి, తిన్నగా గోతిలో పడ్డాడు. కాలు బెణికింది. సెలవు పెట్టాడు. లేని గోతిలో ఎలా పడ్డావో సంజాయిషీ ఇమ్మని ఆఫీసు అడిగింది. అతను అనుభవం ఉన్న ఉద్యోగి. "సదరు శ్లాబుపై స్వచ్ఛందంగా పడుకొనియుండగా కాలు బెణికినది" అని రాసిచ్చాడు. సెలవు మంజూరైంది.

ఇదంతా పైవాళ్ల దృష్టికి వెళ్లింది. వచ్చిన అర్జీలన్నిటికీ ప్రతిస్పందన ఉన్న ఏకైక పురపాలక సంఘం మాదేనని లెక్క తేలింది. "సంపూర్ణ సమాచార పట్టణం" అన్న పురస్కారం మా ఊరికి ప్రకటించారు.

వరహాలమ్మ మాత్రం పురస్కారం సంగతి పట్టించుకోలేదు. ఆమె కొట్టుకు ఇప్పుడు కుర్రాళ్లు తప్ప ఎవరూ రావడం లేదు. ఒక ఆదివారం పొద్దున్న పెనం కింద మంట తగ్గించి, తింటున్న వాళ్లందరితో అంది.

"కరణం గారి ధాన్యం మిల్లు పడగొడతన్నారంట. ఆ గుమ్మం కింద పేద్ద నల్లరాయి ఉందండి. అడిగితే తీసుకుపొమ్మన్నారు. నాలుగు చేతులు పడితే అయిపోద్ది. ఇయ్యాల తిన్నోళ్లెవరూ డబ్బులియ్యక్కర్లేదు, ఓ చెయ్యి ఎయ్యండి చాలు."

అందరూ లేచారు. సత్తిరాజు ముందుండి నడిపించాడు. వేలు చూపించడం ఆపి చెయ్యి వేస్తే అతనిలో ఇంత బలం ఉందా అనిపించింది. మధ్యాహ్నానికి నల్లరాయి కాలవ మీద కూర్చుంది. ఇసుక, సిమెంటు ఎవరింట్లో మిగిలినవి వాళ్లు తెచ్చి అంచులు పూశారు. మర్నాడు మాస్టారు చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా రాయి మీదుగా నడిచి వచ్చి రెండు ఇడ్లీలు అడిగారు. వరహాలమ్మ మూడు పెట్టింది.

వారం తిరక్కుండానే రుబ్బు పొద్దెక్కేసరికి అయిపోవడం మొదలైంది. మంచి వార్త కదా, నేను కెమెరా తీశాను. వరహాలమ్మ అట్లకాడ అడ్డం పెట్టింది.

"వద్దండి రిపోర్టరు గోరూ. రాయకండి."

"అదేంటి? ఇన్నాళ్లూ రాయమనేగా నా చుట్టూ తిరిగారు."

"రాస్తే ఆరికి తెలుస్తాదండి. తెలిస్తే కాలవ మీద రాయి ఎవర్నడిగి ఏసావంటారు. పేపర్లో రానిది లేనట్టే అని ఆరే కదండీ అన్నారు. లేనట్టే ఉండనివ్వండి."

కెమెరా జేబులో పెట్టుకున్నాను. ఆ కబురు ఎలా పాకిందో గానీ, తర్వాత ఒక్కో వార్డు నుంచీ జనం రావడం మొదలుపెట్టారు. నాలుగో వార్డు వాళ్లు చందా వేసుకుని పైపు అతికించుకున్నారట, రాయొద్దన్నారు. బోసు బొమ్మ దగ్గర ఎలక్ట్రీషియన్ ఒకడు స్తంభం ఎక్కి దీపం మార్చాడట, దయచేసి రాయొద్దన్నారు. హైస్కూలు గోడ పాత విద్యార్థులు లేపారు, చెయ్యెత్తి దండం పెట్టి రాయొద్దన్నారు. నేను ఇన్నేళ్లుగా ఊరి గురించి రాస్తున్నాను, ఊరు ఇంత బాగుపడటం ఎప్పుడూ చూడలేదు. మా డెస్కు మాత్రం కంగారుపడింది.

"ఏంటయ్యా, మీ ఊర్నుంచి నాలుగు రోజులుగా ఒక్క సమస్యా రాలేదు?" అన్నాడు వెంకటరత్నం.

"అంతా బాగానే ఉందండి."

"బాగుంటే పేజీ ఎలా నింపుతామయ్యా?"

నేను ఫోన్ పెట్టేశాను.

అంతా సాఫీగా సాగుతున్న సమయంలో పురస్కారం వాళ్లు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయదలచారు. మొట్టమొదట చక్రం పూర్తి చేసిన శ్లాబు పక్కన కమిషనర్ గారు నిలబడిన ఫొటో కావాలని రాశారు. ఒక ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కటింగు పట్టుకుని, పాతగంజి వీధిలో జీపు దిగారు. వెనకాలే సూర్యచంద్రం. నేను, సత్తిరాజు, మాస్టారు, ఇంకా బోలెడుమంది రాయి మీదా రాయి పక్కనా నిలబడి టిఫిను తింటున్నాం. మమ్మల్ని చూసి కాదు, కాలవ మీద ఏదో ఒకటి ఉన్నందుకు సూర్యచంద్రం మొహంలో ప్రాణం లేచొచ్చింది.

కమిషనర్ గారు రాయి మీదికి వచ్చి నిలబడి, కటింగు చూసి, కిందికి చూసి, మళ్లీ కటింగు చూశారు.

"సూర్యచంద్రం గారూ, ఫొటోలో శ్లాబు తెల్లగా ఉంది. ఇది నల్లగా ఉంది."

"ఎండకి కమిలిందండి," అన్నాడు సూర్యచంద్రం.

"ఫొటోలో చదరంగా ఉంది. ఇది గుమ్మంలా పొడుగ్గా ఉంది. ఇది మనం ప్రచురించిన శ్లాబు కాదు." ఆయన గొంతులో నిజమైన ఆందోళన వినిపించింది. "అంటే ప్రచురితం కాని వస్తువొకటి ఇక్కడ ఉంది. దీన్ని తక్షణమే తొలగించి, వాస్తవ పరిస్థితిని వార్తకు అనుగుణంగా తీసుకురావాలి."

"తీస్తే గొయ్యి ఉంటుందండి," అన్నాడు సూర్యచంద్రం చిన్నగా.

"గొయ్యి లేదని ముద్రితమైంది కదండీ."

వరహాలమ్మ పెనం దగ్గర్నుంచి కదల్లేదు గానీ, ఆమె చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. ఆమె కొట్టులో అట్టు మాడటం నేనెప్పుడూ చూడలేదు.

అయితే కమిషనర్ గారు నియమం తప్పే మనిషి కారు. రాయిని తీయించాలంటే దాని మీద ఫిర్యాదు ఉండాలి. ఫిర్యాదు ఉండాలంటే పేపర్లో రావాలి. ఆయన నా వైపు తిరిగారు.

"భాస్కరం గారూ, కాలవపై అక్రమంగా రాయి అని ఒక చిన్న వార్త ఇవ్వండి. రేపే చర్య తీసుకుంటాను."

"అలాగేనండి. కానీ ఫొటో కావాలి కదా. ముగ్గురు స్థానికులు కుడిచేత్తో చూపించాలి."

ఆయన చుట్టూ చూశారు. స్థానికులకు కొదవ లేదు. కానీ అందరి కుడిచేతులూ అల్లప్పచ్చడిలో ఉన్నాయి. ఆయన ఒక్కొక్కర్నీ అడిగారు. మాస్టారు చేతిలో ఇడ్లీ ముక్క ఉంది. జీపు డ్రైవరు అప్పటికే ఉప్మా అందుకున్నాడు. సత్తిరాజు దగ్గరికి వచ్చేసరికి కమిషనర్ గారి గొంతు బతిమాలినట్టయింది.

"మీకు అనుభవం ఉంది. ఒక్కసారి చూపించండి."

"చెయ్యి ఎంగిలండి బాబు గోరూ," అన్నాడు సత్తిరాజు, తన మొహంలో ఉన్న దిగులంతా చూపిస్తూ.

"తినడం అయ్యాక కడుక్కోండి."

"అయ్యాక ఇంకో అట్టు చెప్పానండి."

అప్పుడు వరహాలమ్మ పెనం వదిలి వచ్చింది. చేతిలో విస్తరాకు, ఆకులో ఉప్మా పెట్టిన పెసరట్టు.

"బాబు గోరూ, నాకు సదువు లేదండి. ఒక్క ముక్క చెప్పండి. పేపర్లో రానిది లేనట్టేనని తవరే అన్నారు, ఈ రాయి పేపర్లో రాలేదు. మరి తవరిప్పుడు దేని మీద నిలబడ్డారండి?"

కమిషనర్ గారు కింద చూశారు. బూట్ల కింద నల్లరాయి, రాయి అంచు పక్కనుంచి మురుగు కాలవ లోతుగా కనిపిస్తోంది. పటంలో ఆయనకు ఎక్కడా ఈ ప్రశ్న ఎదురై ఉండదు. కటింగును మడిచి జేబులో పెట్టుకుని, విస్తరాకు అందుకున్నారు. మొదటి ముక్క తుంచగానే ఆయన కుడిచెయ్యి కూడా పచ్చడిలోకి వెళ్లింది. ఆ చేత్తో ఇక రాయి తీయించే ఉత్తర్వు మీద సంతకం పడదని మాకు అర్థమైంది. వరహాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి వెళ్లి, పెనం మీద మాడిన అట్టు తీసేసి కొత్తది పోసింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన వార్తలకంటే, రాయకుండా ఊరుకున్న ఈ ఒక్క వార్తే ఒక మనిషి బతుకు నిలబెట్టింది.

సగం అట్టు తిన్నాక కమిషనర్ గారు నా దగ్గరికి జరిగారు. గొంతు తగ్గించి అడిగారు.

"భాస్కరం గారూ, ఇదంతా మీరు ఎక్కడా రాయరు కదా?"

"వార్తగా రాయనండి."

"మరి ఎలా రాస్తారు?"

"మరీ ఉండబట్టకపోతే కథగా రాస్తానేమో."

ఆయన నమలడం ఆపి ఆలోచనలో పడ్డారు. గుండ్రాలు, బాణాలు అన్నీ మనసులో ఒకసారి తిప్పి చూసుకున్నట్టున్నారు. చివరికి మొహం తేటపడింది.

"కథ అయితే ఫర్వాలేదండీ. కథలో ఉన్నది జరిగిందని ఎవరూ అర్జీ పెట్టరు," అని, వరహాలమ్మ వైపు తిరిగి, ఇంకాస్త అల్లప్పచ్చడి వెయ్యమన్నారు.